కారన్‌వాలిస్‌కు బదులుగా విడుదలైన మనిషి

మొన్నామధ్య ఒక సాయంత్రం మా అమ్మాయి చరిత్ర పుస్తకం పట్టుకుని వంటింటి గడప మీద కూర్చుని చదువుకుంటోంది. నేను చారుకు పోపు పెడుతున్నాను. వున్నట్టుండి తలెత్తి, "అమ్మా! 1781లో యార్క్‌టౌన్ దగ్గర అమెరికావాళ్లకు ఓడిపోయి లొంగిపోయింది కారన్‌వాలిసే. 1786లో మన దేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చిందీ కారన్‌వాలిసే. పట్టుకున్నవాణ్ణి వాళ్లెలా వదిలిపెట్టారు?" అని అడిగింది.

నా చదువు పదో తరగతితో సరి. కారన్‌వాలిస్ అంటే నాకు గుర్తున్నదల్లా శాశ్వత శిస్తు పద్ధతి. 1788లో నిజాం దగ్గర్నుంచి గుంటూరు సర్కారును కంపెనీ పుచ్చుకున్నది ఈయన హయాంలోనే. 1793లో బెంగాలులో ఆయన పెట్టిన శాశ్వత శిస్తు 1802 నుంచి మన సర్కారు జిల్లాల్లోకీ వచ్చింది. జమీందారీ కాలపు కష్టాలు ముసలివాళ్ల నోట విని పెరిగినవాళ్లు మనలో ఎంతమంది లేరు! కానీ ఆ దొర మన దగ్గరికి రాకముందు ఖైదు ఎలా తప్పించుకున్నాడో నేనెన్నడూ ఆలోచించలేదు. "రేపు చెబుతాలే" అని ఆ పూటకి తప్పించుకుని, తర్వాత పుస్తకాలు తిరగేశాను. కుండమార్పు సంబంధంలాగా మనిషికి మనిషిని ఇచ్చి పుచ్చుకున్నారట. కారన్‌వాలిస్‌కు మారుగా ఇంగ్లీషువాళ్లు వదిలిన మనిషి పేరు హెన్రీ లారెన్స్. ఆయన కథ చదవడం మొదలుపెట్టాక నాకు రెండు మూడు రోజులు వేరే పని మీద మనసు నిలవలేదు. ఆ కథే ఇవాళ మీకు చెప్పబోతున్నాను. ఇందులో గొప్పవాళ్ల సంగతులతోపాటు ఒక పదేళ్ల పిల్ల సంగతి కూడా వుంది. నాకు ముఖ్యం అదే.

అమెరికా ఇంకా ఇంగ్లీషు రాజు కింద పదమూడు వలసలుగా వున్న రోజులవి. వాటిలో దక్షిణాన సముద్రపు ఒడ్డున వున్నది దక్షిణ కరొలీనా. దాని ముఖ్యపట్టణం చార్లెస్టన్. 1724లో హెన్రీ లారెన్స్ అక్కడే పుట్టాడు. వాళ్లది ఫ్రాన్సు నుంచి వచ్చిన కుటుంబం. అక్కడ ప్రొటెస్టెంటు మతంవాళ్లను బతకనివ్వకపోతే దేశం విడిచి వచ్చేసినవాళ్లు. తండ్రి గుర్రాలకు జీనులు కుట్టి అమ్మేవాడు. నిలకడైన మనిషి, నాలుగు డబ్బులు వెనకేశాడు. కొడుకు తనకంటే పైకి రావాలని 1744లో వర్తకం నేర్చుకోమని లండన్ పంపాడు. కుర్రవాడు బాగానే నేర్చుకున్నాడు. పొద్దెక్కకముందే లేచి ఉత్తరాలు రాయడం, పైసా పైసాకీ లెక్క రాయడం, రాసిన ప్రతి ఉత్తరానికీ నకలు వుంచుకోవడం ఆయన అలవాట్లు. ఆ నకళ్లు ఇప్పటికీ వున్నాయి. అందుకే ఆయన గురించి మనకింత తెలుస్తోంది. ఆయన దాచిన కాగితాలే ఆయన మీద సాక్ష్యం చెబుతున్నాయి కూడా.

తిరిగి వచ్చి భాగస్వాములతో కలిసి వర్తక సంస్థ పెట్టాడు. ఏం వర్తకం? వరి, నీలిమందు, జింకతోళ్లు ఇంగ్లండుకు ఎగుమతి. అక్కణ్నుంచి రమ్ము, పంచదార, గుడ్డలు దిగుమతి. ఇంతవరకూ బాగానే వుంది. కానీ అన్నిటికంటే లాభం తెచ్చిపెట్టింది ఆఫ్రికా నుంచి ఓడల్లో వచ్చే మనుషుల్ని అమ్మిపెట్టడం. నూటికి పది చొప్పున కమిషను. 1750 మొదలు పదేళ్లలో ఆ ఒక్క సంస్థ చేతిమీదుగా ఎనిమిదివేలమందికి పైగా అమ్ముడుపోయారు. ఉత్తర అమెరికాలో ఇంత పెద్ద ఎత్తున బానిస వ్యాపారం చేసిన సంస్థ ఇంకొకటి లేదంటారు. పశ్చిమ ఆఫ్రికాలో సియెర్రా లియోన్ నదిలో బ్యాన్స్ ద్వీపం అని ఒక దీవి వుంది. అక్కడ కోటలో మనుషుల్ని కొని నిలవ చేసి ఓడల కెక్కించేవారు. ఆ కోట యజమానుల్లో ఒకడు లండన్ వర్తకుడు రిచర్డ్ ఆస్వాల్డ్. లారెన్స్‌కు స్నేహితుడు. ఈ పేరు కాస్త గుర్తు పెట్టుకోండి.

సియెర్రా లియోన్ మనుషులకు కరొలీనాలో ఎందుకంత గిరాకీ అంటే, వాళ్లకు వరి వ్యవసాయం తెలుసు. మళ్లు కట్టడం, నీరు పెట్టడం, తీయడం, దంచడం, చెరగడం వాళ్లకు పుట్టుకతో వచ్చిన పని. రోటి దగ్గర నిలబడి రోకలితో దంచే ఆడవాళ్ల బొమ్మ ఒకటి చూశాను. చీర కడితే మన గోదావరి జిల్లా పల్లెటూరనుకుంటారు! ఆ వడ్లు దంచిన చేతులతోనే కరొలీనా దొరలు కోటీశ్వరులయ్యారు.

1756 జూన్‌లో 'హేర్' అనే చిన్న ఓడ సియెర్రా లియోన్ నుంచి చార్లెస్టన్ చేరింది. ఆరోగ్యవంతులైన, పనికొచ్చే బానిసలు వచ్చారు, సులభమైన షరతుల మీద అమ్ముతామని లారెన్స్ సంస్థ పత్రికలో ప్రకటన వేయించింది. అదే లారెన్స్ ఆ ఓడ యజమానులకు రాసిన ఉత్తరంలో, సరుకు బొత్తిగా బాగాలేదు, రోగాలతో వున్నారు, అమ్మడం కష్టమైందని విసుక్కున్నాడు. ఆ మాటల్లో దురుసుతనం కూడా లేదు. మామూలు వర్తకుడి విసుగు, అంతే. నాకు అదే ఎక్కువ భయం వేసింది.

ఆ అమ్మకంలో ఎలియాస్ బాల్ అనే తోటల యజమాని నలుగురు మగపిల్లల్నీ, ఇద్దరు ఆడపిల్లల్నీ ఆరువందల పౌనులకు కొన్నాడు. అది కరొలీనా డబ్బు, ఇంగ్లండు పౌను కంటే బాగా తక్కువది. కొన్నాక తన లెక్కల పుస్తకంలో పిల్లల పేర్లు, సుమారు వయసులు రాసుకున్నాడు. అందరికంటే చిన్నవాడికి ఆరేళ్లు. ఆడపిల్లలిద్దరికీ చెరి పదేళ్లు. అందులో ఒక పిల్లకు ప్రిసిల్లా అని రాశాడు. అది ఆయన పెట్టిన పేరు. కన్నతల్లి ఏ పేరుతో పిలిచిందో ఏ పుస్తకంలోనూ లేదు. ఈ ఎలియాస్ బాల్ ఎవరనుకున్నారు? లారెన్స్ భార్య ఎలినార్‌కు సవతి అన్నగారు! అంటే బావగారి సంస్థలో బావమరిది కొన్నాడన్నమాట. పండగలకూ పబ్బాలకూ ఆ ఇళ్ల మధ్య రాకపోకలు వుండకపోతాయా? ఆ పిల్ల మంచినీళ్ల గ్లాసు తెచ్చి అందిస్తే ఈయన పుచ్చుకుని వుంటాడా? నా ఊహే గానీ, చదువుతున్నంతసేపూ అదే కళ్ల ముందు కదిలింది.

ఇక ఇంటి సంగతి. లారెన్స్ 1750లో ఎలినార్‌ను పెళ్లాడాడు. పదమూడు కాన్పులు చెబుతారు. పిల్లల్లో సగానికి పైగా చిన్నతనంలోనే పోయారు. ఆ రోజుల్లో ఎంత డబ్బున్నా అంతే. 1760లో చార్లెస్టన్‌లో మశూచికం చెలరేగింది. అప్పటికి ఏడాదైనా నిండని మార్తా అనే పాపకు అమ్మవారు పోసింది. ఊపిరి ఆగిపోయిందనుకున్నారు. ప్రాణం పోయిందని నిశ్చయించి, పాతిపెట్టడానికి సిద్ధం చేసి, కిటికీ తెరిచి ఆ దగ్గర పడుకోబెట్టారు. ఈలోగా వైద్యుడు వచ్చి చూసి, పిల్ల బతికే వుందన్నాడు. తెరిచిన కిటికీలోంచి వచ్చిన చల్లగాలికి తెప్పరిల్లిందో ఏమో, మార్తా కళ్లు తెరిచింది. ఆ పిల్ల పెద్దదై, చదువుకుని, డేవిడ్ రామ్సే అనే వైద్యుణ్ణి, చరిత్రకారుణ్ణి పెళ్లాడి, పదకొండుమంది బిడ్డల్ని కన్నది. కానీ తండ్రి గుండెల్లో ఆ రోజు పుట్టిన భయం చివరిదాకా పోలేదు. దాని ఫలితం చివర్లో చెబుతాను.

రాజకీయాల్లోకి 1757లో వచ్చాడు, వలస శాసనసభ సభ్యుడిగా. 1762లో మెప్కిన్ అనే మూడువేల ఎకరాల ఎస్టేటు కొన్నాడు. కూపర్ నది ఒడ్డున, చార్లెస్టన్‌కు ముప్ఫై మైళ్లు. వరి, నీలిమందు పండించాడు. అప్పటినుంచి బానిసల్ని అమ్మే వ్యాపారం తగ్గించుకున్నాడు. తగ్గించుకున్నది అమ్మడమే సుమండీ. తన పొలాల్లో పనిచేసేవాళ్లు రెండు మూడు వందలమంది వుండనే వున్నారు.

1765లో ఇంగ్లండు పార్లమెంటు స్టాంపు చట్టం తెచ్చింది. పత్రాలకూ, పత్రికలకూ, ఆఖరికి పేకముక్కలకూ పన్ను. ఊళ్లు అట్టుడికిపోయాయి. అక్టోబరులో ఒక అర్ధరాత్రి ముఖాలకు మసి పూసుకుని, ఓడ కళాసుల వేషాల్లో ఒక గుంపు లారెన్స్ ఇంటిమీదికి వచ్చింది. స్టాంపు కాగితాలు ఇక్కడే దాచారని వాళ్ల అనుమానం. "స్వేచ్ఛ, స్వేచ్ఛ" అని కేకలు. లోపల ఎలినార్ నిండు గర్భిణి, పైగా ఒంట్లో బాగాలేదు. తలుపులు పగలగొడితే ఆమె హడలిపోతుందని లారెన్స్ తనే తలుపు తీశాడు. గుండెలకు కత్తులు ఆనించి నిలబెట్టారు. ఆయన బెదరలేదు. జబ్బుగా వున్న ఆడదాన్ని ఇలా హింసపెడతారా అని గట్టిగా మందలించి, మసి వెనకవున్న ముఖాల్ని గుర్తుపట్టి పేరుపేరునా పిలిచాడు. వాళ్లు తెల్లబోయి, ఇల్లంతా పైపైన చూసి, అమ్మగారికి బాగవ్వాలని చెప్పి మరీ వెళ్లిపోయారు! ఇలాంటి గలాటా గుంపులు ఎక్కడైనా వుంటాయా అని నవ్వొచ్చింది నాకు.

కానీ ఆ నవ్వు నిలవలేదు. మరి మూడునెలలకే, 1766 మొదట్లో, చార్లెస్టన్ వీధుల్లో కొందరు బానిసలు అదే కేక వేశారు, స్వేచ్ఛ అని. దొరలు వేస్తే దేశభక్తి అయిన కేక వీళ్లు వేసేసరికి ఊరంతా ఆయుధాలు పట్టి వారం రోజులు కాపలా కాసింది. ఈ సంగతి రాసిందీ లారెన్సే. పెద్దల్ని చూసి అనుకరిస్తున్నారు, అంతకుమించి ఏమీ లేదు అన్న ధోరణిలో.

1767లో సుంకం అధికార్లు ఆయన ఓడల్ని పట్టుకుని వేధించారు. కోపం పట్టలేక ఒక అధికారి ముక్కు పట్టుకుని నులిమాడు. అంతవరకూ రాజుగారి పక్షాన నెమ్మదిగా మాట్లాడే మనిషి ఆ తగాదాలతో రాజుకు దూరమయ్యాడు. సిద్ధాంతాల కంటే ముందు మనిషిని మార్చేది సొంతానికి తగిలిన దెబ్బేనేమో.

1770లో ఎలినార్ పోయింది. చివరి కాన్పయిన నెలకి. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు. తల్లిలేని పిల్లల చదువుల కోసం మగపిల్లల్ని వెంటపెట్టుకుని ఇంగ్లండు వెళ్లాడు. ఆడపిల్లల్ని తమ్ముడి ఇంట వదిలాడు. రేడియోలో పదిహేను నిమిషాల్లో ముగించాలి గనక అప్పుడు వదిలేసిన ముచ్చట ఒకటి ఇక్కడ చేరుస్తున్నాను. మార్తా తనకు భూగోళం నమూనా గోళాలు కావాలని తండ్రికి రాసింది. ఆయన పంపించాడు. కాకపోతే దానితోపాటు ఒక బుద్ధి కూడా చెప్పాడు. భూమి ఉపరితలాన్ని కొలిచేటప్పుడు ఆ భూమి మీద నీ పాత్ర ఏమిటో మరిచిపోకు, ప్లమ్ పుడ్డింగు చేయడం, ఇంటిపనులు కూడా తలుచుకుంటూ వుండమని. చూశారా! సముద్రాలు దాటినా, రెండువందల యాభై ఏళ్లు వెనక్కి వెళ్లినా, ఆడపిల్ల చదువుకు ఆ తోక తప్పలేదు. అయినా గోళాలు కొనిపెట్టాడు, అది ఒప్పుకోవాలి.

1774 చివర ఇల్లు చేరేసరికి యుద్ధం ముంచుకొచ్చింది. దక్షిణ కరొలీనా తిరుగుబాటు సభకు ఆయనే అధ్యక్షుడయ్యాడు. 1776 ఆగస్టులో, స్వాతంత్ర్య ప్రకటన వెలువడ్డ కొద్ది వారాలకు, లండన్‌లో లా చదువుతున్న పెద్దకొడుకు జాన్‌కు ఒక ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం నేను నాలుగైదుసార్లు చదువుకున్నాను. బానిసత్వం నాకు అసహ్యం అంటాడు. ఇది నేను పెట్టిన ఆచారం కాదు, ఇంగ్లీషు రాజులూ పార్లమెంట్లూ పాతిన మొక్క అంటాడు. నా బానిసల్ని రేపు వేలం వేస్తే ఇరవైవేల పౌనులు వస్తాయి, అయినా వాళ్లలో చాలామందిని విడిపించే మార్గం ఆలోచిస్తున్నానంటాడు. నీ వాటాకు రావలసిన ఆస్తి తగ్గిపోతుంది, నువ్వేమంటావని కొడుకును అడుగుతాడు. మనసులో లేనిది రాశాడని నేననను. ఆ మనిషికి నిజంగానే గుచ్చుకుంది. కానీ ఇరవైవేలు అన్న లెక్క మాత్రం ఆ ఉత్తరంలో కూడా వేయకుండా వుండలేకపోయాడు. పైగా ఎనిమిదివేలమందికి కమిషను పుచ్చుకున్న చెయ్యే, ఇది నేను పెట్టిన ఆచారం కాదని రాసింది.

కొడుకు ఆ మాట పట్టుకున్నాడు. జాన్ చదువు వదిలేసి వచ్చి జార్జి వాషింగ్టన్ దగ్గర ఆంతరంగిక సైనికోద్యోగి అయ్యాడు. 1778లో తండ్రికి రాశాడు. నాకు రావలసిన ఆస్తిని ఇప్పుడే బానిసల రూపంలో ఇచ్చేయండి, వాళ్లను సైనికుల్ని చేసి పోరాడించి స్వేచ్ఛ ఇస్తాను అని. తండ్రి అప్పటికి కాంటినెంటల్ కాంగ్రెస్ అధ్యక్షుడు. 1777 నవంబరు 1 నుంచి 1778 డిసెంబరు 9 దాకా పదమూడు రాష్ట్రాల తరఫునా ఆ పీఠం మీద కూర్చున్నాడు. రాష్ట్రాల మొదటి రాజ్యాంగ పత్రాన్ని కాంగ్రెస్ ఆమోదించింది ఆయన అధ్యక్షతలోనే. కొడుకు ఆలోచన ఆయనకు మొదట పిల్లచేష్టలా కనిపించింది. తర్వాత మెత్తబడి తనూ మద్దతిచ్చాడు. 1779 మార్చి 29న కాంగ్రెస్ తీర్మానించింది కూడా. దక్షిణ కరొలీనా, జార్జియా ఒప్పుకుంటే మూడువేలమంది బానిసల్ని సైన్యంలో చేర్చుకోవచ్చు, యజమానులకు నష్టపరిహారం, చివరిదాకా నమ్మకంగా పనిచేసినవారికి స్వేచ్ఛా, యాభై డాలర్లూ. దక్షిణ కరొలీనా సభలో తోటల యజమానులు మండిపడి తోసిపుచ్చారు. శత్రువు గుమ్మంలో నిలబడ్డా సరే, ఆ పని మాత్రం చెయ్యమన్నారు.

1780లో అప్పు తెమ్మని కాంగ్రెస్ లారెన్స్‌ను హాలండుకు పంపింది. సెప్టెంబరు 3న న్యూఫౌండ్లండ్ దగ్గర ఇంగ్లీషు యుద్ధనౌక ఆయన ఓడను పట్టుకుంది. రహస్య కాగితాల సంచీని సముద్రంలోకి విసిరితే అది వెంటనే మునగలేదు. ఇంగ్లీషువాళ్లు కొక్కెంతో లాగేశారు. అందులో హాలండుతో ఒప్పందం చిత్తుప్రతి దొరికింది. అది సాకుగా చూపి ఇంగ్లండు ఆ ఏడాది చివర హాలండు మీద యుద్ధం ప్రకటించింది. ఒక్క సంచీ ఎంత పని చేసిందో చూడండి.

రాజద్రోహ నేరం మీద ఆయన్ని లండన్ టవర్‌లో పెట్టారు.  యాభై ఆరేళ్ల మనిషి, కీళ్లవాతం. కలం, సిరా ఇవ్వకూడదన్నారు. పెన్సిలు ముక్కతో దొంగచాటుగా రాసేవాడు. గది అద్దె, బొగ్గులు, భోజనం అన్నీ సొంత ఖర్చు. దాదాపు ఏడాది గడిచాక, మీకు కాపలా కాసిన మనుషుల జీతం తొంభై ఏడు పౌనుల పది షిల్లింగులు చెల్లించమని బిల్లు పంపారు! ఇలాగైతే బస మార్చుకోవలసి వస్తుందని ఎగతాళి చేశాడే గానీ దమ్మిడీ ఇవ్వలేదు. క్షమాపణ రాసిస్తే వదిలేస్తారని పాత స్నేహితుడు ఆస్వాల్డ్ వచ్చి నచ్చజెప్పాడు. ససేమిరా అన్నాడు.

ఆ సమయానికి లండన్ టవర్‌కు గౌరవాధికారి ఎవరయ్యా అంటే కారన్‌వాలిస్! ఆయన పేరిట నడిచే జైల్లో లారెన్స్ వుంటే, 1781 అక్టోబరులో ఆయన యార్క్‌టౌన్‌లో లొంగిపోయాడు. లొంగుబాటు షరతులు అమెరికా తరఫున కూర్చుని రాయించినవాడు ఇంకెవరో కాదు, లారెన్స్ కొడుకు జాన్. నవలలో రాస్తే నమ్మం. 1781 డిసెంబరు 31న ఆస్వాల్డ్ జామీను మీద లారెన్స్ బయటికి వచ్చాడు. తర్వాత 1782లో ఆయనకు కారన్‌వాలిస్ చెల్లు అని లెక్క తేల్చుకున్నారు. మా అమ్మాయి ప్రశ్నకు జవాబు ఇదన్నమాట. మనకు శాశ్వత శిస్తు వచ్చిన దారి ఇలా అట్లాంటిక్ మీదుగా వచ్చింది.

ఇంటికి పోదామనుకుంటున్న మనిషికి నవంబరులో కబురందింది. జాన్ లేడు. యుద్ధం దాదాపు అయిపోయిందనుకున్న రోజుల్లో, 1782 ఆగస్టు 27న కాంబాహీ నది దగ్గర చిన్న తగాదాలో తుపాకి గుండు తగిలి చనిపోయాడు. ఇంగ్లీషు దళం ధాన్యం దోచుకుపోవడానికి వస్తే అడ్డుకోబోయాడు. తండ్రిని ఐశ్వర్యవంతుణ్ణి చేసిన ఆ వరి ధాన్యం కోసమే! వయసు ఇరవై ఏడు. కబురు రాసిన జాన్ ఆడమ్స్ అందులోనే, పారిస్‌లో సంధి మాటలు జరుగుతున్నాయి, మీరు రావాలని కూడా రాశాడు.

లారెన్స్ పారిస్ చేరేసరికి నవంబరు 29. మర్నాడు సంతకాలు. ఫ్రాంక్లిన్, ఆడమ్స్, జే అంతా సిద్ధం చేసి వుంచారు. బల్లకు అటువైపు ఇంగ్లండు తరఫున కూర్చున్నవాడు రిచర్డ్ ఆస్వాల్డ్. అవును, బ్యాన్స్ ద్వీపం కోట యజమానే. కొడుకు చావు కబురు విని నెలైనా కాని ఆ తండ్రి పత్రం చదివి, ఒక్క మాట చేర్చాలన్నాడు. ఇంగ్లీషు సైన్యం వెళ్లిపోయేటప్పుడు నీగ్రోలను గానీ, అమెరికన్ల ఇతర ఆస్తిని గానీ వెంట తీసుకుపోకూడదని. ఆస్వాల్డ్ వెంటనే ఒప్పుకున్నాడు. ఇద్దరికీ ఆ సరుకు సంగతి బాగా తెలుసు కదా.

కొడుకు దేనికోసం ఆస్తి వదులుకుంటానన్నాడో, ఆ కొడుకు పోయిన దుఃఖంలోనే తండ్రి దానికి తాళం వేశాడు. ఎందుకు చేశాడో ఎన్ని విధాల ఆలోచించినా నాకు సరిపెట్టుకోవడం చేతకాలేదు. తోటివాళ్లకు భయపడ్డాడని కొందరంటారు. నాకు మాత్రం, లెక్కల పుస్తకం చేతికి అలవాటైపోయిందని తోస్తుంది. ఇంట్లో ఇన్నేళ్లూ జమాఖర్చు రాస్తున్నదాన్ని, ఆ అలవాటు బలం నాకు తెలుసు.

ఆ ఒక్క మాట న్యూయార్కులో ఏం చేసిందో బోస్టన్ కింగ్ అనే ఆయన తన జీవితకథలో రాసుకున్నాడు. చార్లెస్టన్ దగ్గర్లో బానిసగా పుట్టి, స్వేచ్ఛ ఇస్తామన్న ఇంగ్లీషు సైన్యంలోకి పారిపోయిన మనిషి. పాత యజమానులు వచ్చి పట్టుకుపోతారన్న వార్త విని, అన్నం సయించక, కంటిమీద కునుకు లేక గడిపామంటాడు. వీధుల్లోనే, పడకల్లోంచే మనుషుల్ని లాక్కుపోతున్నారని చెప్పుకున్నారట. అయితే ఇంగ్లీషు సేనాధిపతి కార్లటన్, స్వేచ్ఛ ఇస్తామని మాట ఇచ్చినవాళ్లను తిరిగి అప్పగించనని మొండికేశాడు. సుమారు మూడువేలమంది పేర్లు పుస్తకంలో రాసుకుని 1783లో ఓడలెక్కించి నోవాస్కోషియా పంపాడు. బోస్టన్ కింగూ, ఆయన భార్యా అందులో వున్నారు.

లారెన్స్ 1785లో చార్లెస్టన్ చేరాడు. యుద్ధంలో మెప్కిన్ ఇల్లు కాలిపోయింది. మళ్లీ కట్టుకున్నాడు. 1787లో రాజ్యాంగ సభకు రమ్మంటే రాలేనన్నాడు. విడిపిస్తానన్న వందలమందిలో విడుదలైనవాళ్లు వేళ్లమీద లెక్కించదగినవాళ్లే. 1792 డిసెంబరు 8న కన్నుమూశాడు. వీలునామాలో ఒక వింత కోరిక రాశాడు. తన దేహాన్ని పన్నెండు గజాల నారగుడ్డలో చుట్టి, పూర్తిగా బూడిద అయ్యేదాకా కాల్చాలని. మనకిది వింత కాదు. వాళ్లకు మాత్రం ఊరూవాడా చెప్పుకునేంత వింత. ఆ దేశంలో తెల్లవాళ్లలో కోరి చేయించుకున్న మొదటి దహనం ఇదేనంటారు. అక్కడ దహనశాల కట్టింది 1876లో గానీ కాదు. ఎందుకు కోరాడు? కిటికీ దగ్గర పడుకోబెట్టిన పసిపాప మార్తాను ఆయన మరిచిపోలేదు. బతికుండగా పాతిపెడతారేమోనన్న భయం. కొడుకు, తండ్రి ఆజ్ఞ ప్రకారమే చేయించాడు. ఆ బూడిద పాతిన చోటు మెప్కిన్‌లో ఇంకా వుంది. ఆ స్థలం 1949 నుంచి క్రైస్తవ సన్యాసుల మఠం.

ఆ 1792లోనే, మార్చి నెలలో, నోవాస్కోషియా చలికి తట్టుకోలేకపోయిన సుమారు పన్నెండువందలమంది పదిహేను ఓడల్లో ఆఫ్రికా చేరారు. బోస్టన్ కింగ్ కూడా వున్నాడు. వాళ్లు దిగి కట్టుకున్న ఊరు ఫ్రీటౌన్. బ్యాన్స్ ద్వీపం ఆ నదిలోనే, కాస్త ఎగువన.

ప్రిసిల్లా మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు. బాల్ గారి తోటల్లోనే పెరిగి, పిల్లల్ని, మనవల్ని చూసుకుని 1811లో పోయింది. మార్తా పోయింది కూడా ఆ ఏడే. హేర్ ఓడ కాగితాలు, లారెన్స్ ఉత్తరాల నకళ్లు, బాల్ కుటుంబం లెక్కల పుస్తకాలు మూడూ చెదపట్టకుండా మిగలబట్టి, ప్రిసిల్లా వంశం తరంతరంగా తేలింది. 2005లో ఏడో తరం మనవరాలు, చార్లెస్టన్‌లో వుంటున్న ఆవిడ, సియెర్రా లియోన్ ప్రభుత్వం పిలిస్తే ఫ్రీటౌన్ వెళ్లింది. రెండువందల నలభై తొమ్మిదేళ్ల కింద పోయిన పిల్ల తిరిగి వచ్చిందని అక్కడివాళ్లు ఎదురెళ్లి ఆవిణ్ణి తీసుకుపోయారు.